కిప్పు

అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ అయిదున్నర.
హెడ్‌సెట్‌లో హల్ రేవు ముసలాయన.
బాయిలర్ చచ్చిపోయిందట, గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టాయట.
టికెట్ నంబరు రాసుకోమంటే రాసుకున్నాడు.
రాసుకుని, ఫోను పెట్టకుండా అన్నాడు:
"మూడు రాత్రుల్నించి కిప్ లేదు తల్లీ."

చిప్ అనుకున్నాను. కీ అనుకున్నాను.
మాకు యాస నేర్పిన ప్రమీల మేడం
ఈ ముక్క చెప్పలేదు.
కాల్ ఆరు నిమిషాలు దాటకూడదు, అడగకూడదు.
అడిగాను.

నవ్వాడు, ఎన్నాళ్ళకో ఎవరో
తన ఊరి దారి అడిగినట్టు.
నిద్రే, అన్నాడు, కాస్తంత, దొంగిలించినంత.
పడవల్లో పనిచేసినవాడు.
ఆ మాటా సముద్రం దాటే వచ్చిందన్నాడు,
డేన్ల దగ్గర్నించి కావచ్చునన్నాడు,
వాళ్ళకది గుడిసె, నాటుసారా పోసే కొంప.
ఆ తర్వాత... అని ఆగాడు.
ఆడపిల్లతో అనేది కాదని దగ్గాడు.

మారతహళ్ళి వంతెన కింద
క్యాబ్ కదలని పదిహేను నిమిషాల్లో
మిగతాది నేనే వెతుక్కున్నాను.
మొదట గుడిసె.
రెండొందల యాభై ఏళ్ళ కిందట, డబ్లిన్‌లో, సానికొంప.
ఆపైన రాత్రికింత అని పడకలిచ్చే సత్రం.
ఆపైన ఆ సత్రంలో పడక.
ఆపైన, పడక మీద పడ్డాక వచ్చేది.
ఖాయంగా ఎవరికీ తెలీదని
చివర్న చిన్నక్షరాల్లో.

కొంప.
మాకూ ఉందే ఈ మాట!
మునిగేది, అంటుకునేది, కొల్లేరయ్యేది,
ఏ నోట్లో పడితే ఆ రంగు తిరిగేది.
కొంపదీసి అంటాం,
ఎవరి కొంప తీశారో ఎవరికీ గుర్తులేదు.
పోయిన నెల పలమనేరులో గృహప్రవేశం,
మా చిన్నత్త సాంబారు వడ్డిస్తూ అంది:
"పొద్దుగూకి పోయి తెల్లారి వచ్చే ఉద్యోగమేందే?
కొంపదీసి..."
గరిటె గాల్లో ఉండగానే ఆపేసింది,
సరిగ్గా ముసలాయన ఆపిన చోటే.

నా కిప్పు మున్నేకొళాలలో,
మూడో అంతస్తు, నీళ్ళ ట్యాంకు కింద గది.
మూడు మంచాలు, ఆరుగురం.
ఓనరు మునిరత్నమ్మ లెక్క తేలిక:
పగలు నాకు, రాత్రి లింథోయ్‌కి,
అద్దె చెరి సగం, మంచానికి వారాంతం లేదు.
లింథోయ్‌ది ఇంఫాల్.
సెలూన్‌లో పరాయివాళ్ళ పాదాలు ఒళ్ళో పెట్టుకుని
గోళ్ళకు రంగేస్తుంది.
ఆమెనీ అంటారు, ఆటోల్లోంచి,
కన్నడంలో, హిందీలో, సిగ్గులేకుండా తెలుగులో.

ఏడు నెలల్లో మేం మాట్లాడుకున్నది నాలుగుసార్లు.
అయినా ఆమె ఎటు తిరిగి పడుకుంటుందో తెలుసు.
గోడవైపు గుంట.
దిండు కింద విరిగిన క్లిప్పు, అసిటోన్ వాసన.
ఆమెకు జ్వరమొచ్చిన వారం
పక్క ముందు నాకే చెప్పింది.

ఇవాళ నేను మెట్లెక్కుతుంటే ఆమె దిగుతోంది,
నోట్లో బ్రెడ్డు ముక్క, చేతిలో హెల్మెట్.
కిప్, అన్నాను ఎందుకో.
కిప్? అంది కనుబొమ్మలెత్తి.
తర్వాత చెప్తానని సైగ చేశాను.
తర్వాత అనేది మాకెప్పుడూ లేదు.

దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది.
పక్క సైటులో బోరు వేస్తున్నారు,
గది పళ్ళు కొరుకుతోంది.

ఆ డబ్లిన్ కొంపలో
చివరివాడు బూట్లు తొడుక్కుని పోయాక,
తెల్లారుజామున గడియ పెట్టాక,
వాళ్ళేం చేసుంటారు?
దీపం మలిపి, లోపలి బొడ్డుముడులు సడలించి,
ఒకతె ఇంకొకతెతో
జరగవే, అని ఉంటుంది.
ఎవరూ డబ్బివ్వని ఆ ఒక్క గంటకి
ఏ నిఘంటువులోనూ వరస లేదు.
ఈ మాటకి నిద్ర అనే అర్థం
అక్కడే అంటుకుందని నా అనుమానం.
రుజువేం లేదు. వెతికే ఓపికా లేదు.

హల్‌లో ఇప్పుడు మూడు దాటింది.
మెకానిక్కు ఎనిమిదికి వెళ్తాడు, నేనే రాశాను.

గోడవైపు జరిగాను.
ఆమె గుంట నాకు సరిపోయింది.